మార్ఫా వెళ్తున్నారా? జడ్ పెట్టెల దగ్గరికి దారి, వేళ, చూసే పద్ధతి

"ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాం. రేకు పెట్టెలు చూసి వచ్చేశాం. ఇంతేనా?" అని డాలస్ నుంచి వెళ్లివచ్చిన వాళ్లు అడుగుతుంటారు. "వెళ్దామనుకుంటున్నాం, ఎలా వెళ్లాలి?" అని అడిగేవాళ్లు అంతకు రెట్టింపు. ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

స్థలం ఇదీ: పశ్చిమ టెక్సస్‌లో చివావా ఎడారి అంచున ఉన్న మార్ఫా అనే చిన్న ఊరు. జనాభా రెండు వేల లోపు. ఊరి పక్కనే పాత సైనిక స్థావరంలో 340 ఎకరాల్లో చినాటి ఫౌండేషన్ అనే కళా ప్రదర్శనశాల ఉంది. ఆ రేకు పెట్టెలు చేసిన శిల్పి డొనాల్డ్ జడ్ దాన్ని 1986లో ప్రజల కోసం తెరిచాడు. ఇక్కడి కృతులను వేరేచోటికి తరలించరు. ఈ భవనాల కోసం, ఈ నేల కోసం, ఈ వెలుతురు కోసం చేసినవి కాబట్టి చూడాలంటే మనమే వెళ్లాలి. చరిత్ర ఇంతవరకు చాలు.

1. ముందు పర్యటన, తర్వాతే హోటల్

చాలామంది హోటల్ గది తీసుకుని, సెలవు పెట్టుకుని, చివర్లో టికెట్ల కోసం వెతుకుతారు. వరుస తిరగేయండి. భవనాల లోపలి కృతుల్లో ఎక్కువ భాగం గైడు వెంట నడిచే చిన్న బృందాలకే చూపిస్తారు. స్థలాలు తక్కువ, వారాంతాల్లో త్వరగా నిండిపోతాయి.

బుక్ చేసే ముందు చినాటి వెబ్‌సైట్‌లో మూడు విషయాలు చూడండి.

- మీరు వెళ్లే రోజు తెరిచి ఉంటుందా? వారం మొదట్లో మూసివేసే అలవాటుంది. ఊళ్లో చాలా భోజనశాలలు కూడా సోమ, మంగళవారాల్లో తెరవవు. గురువారం నుంచి ఆదివారం లోపల పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.
- ఏ భవనమైనా మరమ్మతుల్లో ఉందా? ఇవి పాత సైనిక కట్టడాలు, పని ఎప్పుడూ ఏదో ఒకచోట నడుస్తుంటుంది. ముఖ్యంగా అల్యూమినియం పెట్టెలున్న రెండు షెడ్లు తెరిచి ఉన్నాయో లేదో ఖాయం చేసుకోండి.
- పూర్తి సేకరణ పర్యటనా, ఎంపిక చేసిన కొన్ని కృతులదా? మొదటిసారి వెళ్లేవాళ్లకు పూర్తి పర్యటనే నా సలహా, అది దాదాపు రోజును తినేస్తుంది. పిల్లలుంటే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే చిన్నదే మేలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జడ్ నివసించిన ఇల్లు, స్టూడియోలు ఊరి మధ్యలో ఉన్నాయి. అవి చినాటివి కావు, జడ్ ఫౌండేషన్ అనే వేరే సంస్థవి. టికెట్టు వేరు, వేళలు వేరు. ఒకటి కొంటే రెండూ వస్తాయనుకుని వెళ్లిన కుటుంబాలు నాకు తెలుసు. రెండూ చూడాలంటే రెండు రాత్రులు ఉండండి. ఒక్క రాత్రే వీలైతే చినాటి మాత్రమే పెట్టుకోండి.

2. ఏ నెలలో వెళ్లాలి

మార్ఫా సముద్రమట్టానికి 4,685 అడుగుల ఎత్తున ఉంది, మన హార్స్‌లీ హిల్స్ కంటే ఎక్కువే. ఎడారి అనగానే రాత్రీ పగలూ మండిపోతుందనుకోకండి. వేసవి మధ్యాహ్నం మాడ్చినా చీకటి పడేసరికి పలుచని స్వెట్టర్ కావాలనిపిస్తుంది. చలికాలం రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి.

అక్టోబరు, నవంబరు ఉత్తమం. అక్టోబరులో చినాటి వార్షిక వారాంతం జరుగుతుంది. సందడి కావాలంటే అప్పుడు వెళ్లండి, నిశ్శబ్దం కావాలంటే ఆ తేదీలు తప్పించండి. వసంతంలో దుమ్ముగాలులు వీస్తాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడవచ్చు, అందుకని బయట నడిచే భాగాన్ని పొద్దున్నే ముగించాలి. అయితే ఆ వాన మబ్బుల నీడలు అల్యూమినియం మీద పాకే తీరు చూశాక నేను ఆగస్టును తిట్టడం మానేశాను.

3. దారి

- డాలస్ నుంచి: ఐ-20 రహదారి మీద పేకోస్ దాకా, అక్కడి నుంచి టెక్సస్ 17 మీద బాల్మరే, ఫోర్ట్ డేవిస్ మీదుగా. దాదాపు ఎనిమిది గంటలు.
- ఆస్టిన్, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ నుంచి: ఐ-10 మీద ఫోర్ట్ స్టాక్‌టన్ దాటి, యూఎస్ 67 మీద ఆల్పైన్ చేరి మార్ఫాకు. శాన్ ఆంటోనియో నుంచి ఆరు గంటలు, ఆస్టిన్ నుంచి ఏడు, హ్యూస్టన్ నుంచి తొమ్మిది దాకా పడుతుంది.
- విమానంలో: ఎల్ పాసోలో గానీ మిడ్‌లాండ్‌లో గానీ దిగి అద్దె కారు తీసుకోవాలి. రెండు చోట్ల నుంచీ దాదాపు మూడు గంటల ప్రయాణం.
- రైల్లో: సన్‌సెట్ లిమిటెడ్ ఆల్పైన్‌లో ఆగుతుంది, వారానికి మూడు రోజులే. అక్కడి నుంచి 26 మైళ్లకు కారు మీరే చూసుకోవాలి. ఇది రైళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు మాత్రమే.

ఎల్ పాసోలో దిగేవాళ్లు గడియారం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్ అంతా ఒకే సమయం కాదు. ఎల్ పాసో మౌంటెన్ సమయంలో ఉంటుంది, మార్ఫా సెంట్రల్ సమయంలో. తూర్పుకు నడుపుతుంటే ఒక గంట మాయమవుతుంది. మొదటిసారి నేను చేతి గడియారం చూసుకుంటూ, దారిలో కాఫీ కూడా తాగి తీరుబడిగా వెళ్లాను. మా బృందం అప్పటికి గంట క్రితమే బయలుదేరింది. తప్పు పూర్తిగా నాదే. ఎల్ పాసోలో దిగిన రోజే పర్యటన పెట్టుకోకండి. పెట్టుకుంటే ప్రయాణానికి మూడు, కోల్పోయే గంటకు ఒకటి, ఆలస్యాలకు ఒకటి, మొత్తం ఐదు గంటలు లెక్క వేయండి.

పెట్రోలు సగం కంటే తగ్గనివ్వవద్దు. వాన్ హోర్న్ నుంచి మార్ఫా దాకా 74 మైళ్లలో నింపుకోవచ్చనే ఆశ పెట్టుకోకండి. ఫోను సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది, ఆ ప్రాంతపు పటాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడ్డాక జింకలు, అడవిపందుల్లాంటి హావెలీనాలు రోడ్డు మీదికి వస్తాయి. వెలుతురుండగానే ఊరు చేరేలా బయలుదేరండి.

4. కాగితాలు

దీని గురించి ప్రయాణ పుస్తకాల్లో ఎక్కువ రాయరు. మన వాళ్లలో చాలామందికి మాత్రం అవసరం. మార్ఫా మెక్సికో సరిహద్దుకు దాదాపు 60 మైళ్లే. ఈ ప్రాంతపు రోడ్ల మీద సరిహద్దు గస్తీ దళం తనిఖీ కేంద్రాలున్నాయి. ఎల్ పాసో నుంచి తూర్పుకు వస్తే ఐ-10 మీద సియెర్రా బ్లాంకా దగ్గర ఒకటి తగులుతుంది. పౌరసత్వం అడుగుతారు. పౌరులు కాని, 18 ఏళ్లు దాటినవాళ్లు తమ కాగితాలు వెంట ఉంచుకోవాలన్నది చట్టం.

- గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు: అసలు కార్డు.
- హెచ్-1బి, హెచ్-4: పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు పత్రం), వీసా అనుమతి పత్రం ప్రతి.
- విద్యార్థులు: పాస్‌పోర్టు, ఐ-94, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం. ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంటే అదీ.
- ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు: పాస్‌పోర్టు, ఐ-94.

ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాం కదా అంటే సరిపోదు, కాగితాలే వెంట ఉండాలి. అన్నీ ఒక కవరులో పెట్టి కారు ముందు అరలో ఉంచండి. రెండు మాటల్లో అయిపోయే పని అది, కంగారు అక్కర్లేదు.

5. తిండి, నీళ్లు, బట్టలు

శాకాహారులు ఊరి మీద పూర్తిగా ఆధారపడవద్దు. భోజనశాలలు కొన్నే, వాటి వేళలు వాటి ఇష్టం. పులిహోర కట్టుకుని వెళ్లండి, మొదటి రోజుకు మించి ఉంచకండి. మర్నాటికి చపాతీలు, ఆవకాయ, ఐసు పెట్టెలో పెరుగు. మా ఇంట్లో ఏ ప్రయాణానికైనా ఇదే జాబితా, ఎడారి అని ప్రత్యేకంగా ఏమీ మార్చలేదు.

నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్లు. కాళ్లకు పూర్తిగా మూసుకున్న బూట్లు. చెప్పులతో వెళ్తే గడ్డిలో ముళ్లు దిగుతాయి, వెచ్చని నెలల్లో గిలకపాములు కూడా ఉంటాయి. టోపీ, పొడుగు చేతుల చొక్కా, రాత్రికి స్వెట్టర్. అల్యూమినియం పెట్టెలున్న షెడ్లలో ఏసీ గానీ హీటరు గానీ ఉండదు, బయటి వాతావరణమే లోపలా ఉంటుందనుకుని బట్టలు వేసుకోండి.

6. ఆ రోజు వరుస

1. పొద్దున్నే, తెరిచిన వెంటనే, ఆరుబయట ఉన్న జడ్ కాంక్రీటు కృతుల దగ్గరికి వెళ్లండి. వీటికి గైడు అక్కర్లేదు, మీరే నడవవచ్చు. ముందు కార్యాలయంలో పేరు చెప్పి దారి అడగండి.
2. తర్వాత గైడుతో పర్యటన. పావుగంట ముందే అక్కడ ఉండండి. పెద్ద సంచులు కారులోనే వదలండి.
3. మధ్యలో భోజనానికి విరామం ఉంటే కారులోనే తినండి. భోజనశాలలో కూర్చుంటే తిరిగి వేళకు చేరలేరు.
4. జాన్ చాంబర్లీన్ శిల్పాలు ప్రధాన ఆవరణలో ఉండవు. ఊళ్లో పాత ఉన్ని గోదాములో ఉంటాయి. కార్ల రేకులను నలిపి, మడిచి చేసినవి. ఆ చోటు ఎక్కడో ముందే గుర్తించుకోండి.
5. సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి.

7. ఎలా చూడాలి

"ఇంతేనా?" అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే. వెళ్లినవాళ్లు నిలబడాల్సిన చోట నిలబడకుండా, నిలబడిన చోట తగినంతసేపు ఉండకుండా వచ్చేస్తారు. ఒక్కో కృతిని విడిగా చెబుతాను.

*వంద అల్యూమినియం పెట్టెలు.* రెండు పాత ఫిరంగి షెడ్లు. గోడల బదులు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. లోపల వరుసగా వంద పెట్టెలు, 1982 నుంచి 1986 వరకు అమర్చినవి. ప్రతిదాని బయటి కొలత ఒకటే: 41 x 51 x 72 అంగుళాలు. లోపలి అమరిక మాత్రం ఏ రెండింటికీ ఒకటి కాదు.

మన వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. చుక్కల ముగ్గు గుర్తు చేసుకోండి. ఒకే చుక్కల లెక్క, దాని మీద అమ్మ రోజుకో ముగ్గు వేసేది. చుక్కలు మారవు, గీత మారుతుంది. ఈ షెడ్లలో వంద ముగ్గులున్నాయి.

చూసే పద్ధతి:

- మొదట ఎక్కడా ఆగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అనిపించనివ్వండి.
- వెనక్కి వచ్చేటప్పుడు ఒక్క పెట్టెను ఎంచుకోండి. ఏ పక్క తెరిచి ఉంది? లోపల పలక నిలువుగా ఉందా, అడ్డంగానా, ఏటవాలుగానా? మీరే గట్టిగా చెప్పుకోండి.
- ఇప్పుడు దాని పక్కదానికి మారండి. ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పండి. చెప్పలేకపోతే మళ్లీ చూడండి.
- కొంచెం వంగండి. కంటి ఎత్తు మారగానే లోహం అద్దమై కిటికీని, బయటి పచ్చికను చూపిస్తుంది. పక్కకు జరిగితే అదే పలక గాజులా మాయమైనట్టుంటుంది.
- మబ్బు వస్తే కదలకండి. అది పోయే దాకా ఆగండి.

ముట్టుకోవద్దు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పూత లేని అల్యూమినియం అది, వేలిముద్ర పడితే మచ్చ నిలిచిపోతుంది. ఏటవాలు పలక కనబడగానే చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నా పద్ధతి, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా కనిపించినా ఫరవాలేదు.

గోడల మీద జర్మన్ రాతలు కనిపిస్తే కంగారు పడకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ జర్మన్ యుద్ధఖైదీలను ఉంచారు. ఆ రాతలను జడ్ చెరపకుండా వదిలేశాడు.

*కాంక్రీటు కృతులు.* 15 గుంపులు, ఒక కిలోమీటరు పొడవునా. ఒక్కో పెట్టె 2.5 మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, 5 మీటర్ల పొడవు. పలక మందం 25 సెంటీమీటర్లు. వెళ్లి రావడానికి రెండు కిలోమీటర్లు, గంటకు పైగా పడుతుంది. చివరి గుంపు దాకా వెళ్లకుండా తిరిగి వస్తే సగం కథ వినడమే, ఎందుకంటే వాటి మధ్య దూరం కూడా కృతిలో భాగమే. నీడ పడే తీరు చూడండి. ఒక పెట్టె చివర నిలబడి దాని గుండా అవతలి మైదానాన్ని చూడండి, గడపలో నిలబడి వీధి చూసినట్టు ఉంటుంది. పైకి ఎక్కకండి.

*డాన్ ఫ్లావిన్ దీపాలు.* ఇంగ్లిష్ యూ అక్షరంలా కట్టిన ఆరు సైనిక బారకాసులు, వాటిలో గులాబీ, ఆకుపచ్చ, పసుపు, నీలి ట్యూబులైట్లు. 2000లో తెరిచారు. మొదటి రెండు భవనాల్లో గులాబీ, ఆకుపచ్చ. తర్వాతి రెండింట్లో పసుపు, నీలం. చివరి రెండింట్లో నాలుగు రంగులూ. ఒకటి చూసి "మిగతావీ ఇంతేగా" అని బయట కూర్చోకండి. ఒక రంగులో కాసేపు ఉన్నాక కన్ను దానికి అలవాటు పడుతుంది, బయటికి రాగానే ఎడారి రంగు మారినట్టు కనిపిస్తుంది. ఆ తేడా దక్కాలంటే ఆరూ వరుసగా నడవాలి.

*రాబర్ట్ ఇర్విన్ భవనం.* 2016లో పూర్తయింది. ఒక సగం చీకటి, ఒక సగం వెలుగు, మధ్య పలుచని తెరలు. మాట్లాడకుండా నడవండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసే వీలుంటే వదులుకోకండి.

ఇల్యా కబకోవ్ చేసిన పాడుబడ్డ సోవియట్ బడి, రోనీ హార్న్ రాగి జంట, ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి పద్ధతి చెప్పనక్కర్లేదు, గైడు చాలు.

8. పిల్లలతో వెళ్తే

చిన్న పర్యటన తీసుకోండి. కాంక్రీటు కృతుల దారిలో పిల్లలకు ఒక పని అప్పగించండి: ప్రతి గుంపులో పెట్టెలు లెక్కపెట్టడం, ఏవి తెరిచి ఉన్నాయో చెప్పడం. షెడ్లలోకి వెళ్లే ముందే జేబులో చేతులు అనే ఆట మొదలుపెట్టండి. అయిదేళ్ల లోపు వాళ్లను లోపలికి తీసుకెళ్లకపోవడమే మీకూ, పెట్టెలకూ మంచిది. దంపతులైతే ఒకరి తర్వాత ఒకరు వేరే బృందాల్లో వెళ్లవచ్చు.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణ

*ఫోటోల కోసమే వెళ్లడం.* భవనాల లోపల కెమెరా నియమాలు గట్టిగా ఉంటాయి. ఏది అనుమతిస్తారో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. బయట తీసుకోవాలనుకున్నవి మొదట తీసేసి ఫోను లోపల పెట్టేయండి.

*ఒకే రోజులో బిగ్ బెండ్ కూడా.* పటంలో దగ్గరగానే కనిపిస్తుంది, పార్కు లోపలికి చేరడానికే రెండు గంటలు. దానికి వేరే రెండు రోజులు కేటాయించండి, లేదా మర్చిపోండి.

*అర్థం కోసం వెతకడం.* "ఇది దేనికి సంకేతం?" అని గైడును అడుగుతారు. దేనికీ కాదు. తన పనికి మినిమలిజం (అలంకారం లేని అతి సాదా రూపాల కళ) అన్న పేరు పెట్టడం కూడా జడ్‌కు నచ్చేది కాదు. కొలత, లోహం, వెలుతురు, చోటు. ప్రశ్న మార్చి "ఇక్కడి నుంచి ఏం కనిపిస్తోంది?" అని అడగండి, గైడు ముఖం వెలిగిపోతుంది.

*పర్యటన తప్పిపోతే.* వాదించవద్దు. కార్యాలయంలో తర్వాతి బృందంలో ఖాళీ ఉందేమో అడగండి. లేకపోతే కాంక్రీటు కృతులు చూసి, మర్నాటికి పేరు ఇవ్వండి. నేను చేసింది అదే.

10. రాత్రి, తిరుగు దారి

మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ మార్ఫా నుంచి దాదాపు 40 మైళ్లు, ఫోర్ట్ డేవిస్ దగ్గరి కొండల్లో. నక్షత్రాలు చూపించే కార్యక్రమాలకు ముందుగా బుక్ చేసుకోవాలి, అక్కడ చలి ఇంకా ఎక్కువ. అది కుదరకపోతే ఊరికి తొమ్మిది మైళ్లు తూర్పున మార్ఫా దీపాలు చూసే చోటు ఉంది. దిగంతం మీద వింత వెలుగులు కనిపిస్తాయంటారు. 2004లో యూటీ డాలస్ భౌతికశాస్త్ర విద్యార్థులు పరిశీలించి, వాళ్లు చూసినవి యూఎస్ 67 మీద కార్ల దీపాలేనని తేల్చారు. అయినా వెళ్లండి, ఆకాశం మాత్రం నిజమే.

బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- పర్యటన ధ్రువీకరణ, కాగితం మీద ముద్రించినది
- గడియారం సెంట్రల్ సమయానికి
- పాస్‌పోర్టులు, ఐ-94 ఉన్న కవరు
- డౌన్‌లోడ్ చేసిన పటం
- పెట్రోలు నిండుగా
- నీళ్లు, తిండి, స్వెట్టర్, మూసిన బూట్లు
- మర్నాడు తెరిచి ఉండే భోజనశాల పేరు ఒకటి

తిరుగు ప్రయాణం ఎల్ పాసో వైపైతే యూఎస్ 90 మీద వెళ్తూ ఎడమకూ కుడికీ చూస్తుండండి. నేలకు తాడుతో కట్టిన తెల్లటి పెద్ద బెలూన్ కనిపించవచ్చు. అది కళాఖండం కాదు, సరిహద్దు నిఘా రాడార్. మరి కాస్త ముందుకు, వాలెంటైన్ దాటగానే ఖాళీ మైదానంలో ప్రాడా దుకాణం ఒకటి వెలుగుతూ కనిపిస్తుంది. అది మాత్రం కళాఖండమే, 2005లో కట్టారు. రోడ్డు పక్కన పూర్తిగా కిందికి దిగి కారు ఆపుకోండి. చెప్పుల కోసం తలుపు తోయకండి, అది తెరుచుకోదు.